రెండు చక్రాల తగవు: పోటీ కారుకు తగిన డిఫరెన్షియల్ ఏది?



నేను హోసూరు పక్క పల్లెలో బడిపంతుల్ని. పొద్దున తమిళంలో చెప్పిన సైన్సు పాఠాన్నే మధ్యాహ్నం తెలుగులో చెబుతుంటాను. కార్ల పోటీల గురించి ఈ పంతులు మాట్లాడడమేమిటని మీరు అనుకోవచ్చు. కారణం చెబుతాను.

మా బడిలో చదువుకొని ఇప్పుడు హోసూరు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న కుర్రవాడొకడు ఓ ఆదివారం మా ఇంటికి వచ్చాడు. పాత మారుతి ఎస్టీమ్ కారొకటి కొని, మట్టి మైదానాల్లో జరిగే ఆటోక్రాస్ పోటీల్లో నడుపుతున్నాడు. వెంట వాళ్ళ అమ్మ కూడా వచ్చింది. కుర్రవాడు కూర్చోకముందే అడిగాడు. "సార్, ఒకడు డిఫరెన్షియల్‌కు వెల్డింగ్ పెట్టించమంటాడు. ఇంకొకడు బయటి దేశంనుంచి ఎల్.ఎస్.డి. తెప్పించమంటాడు. ఏది చేసేది?" వాళ్ళ అమ్మ అడిగింది వేరు. "అయ్యా, ఇంటి పైకప్పుకు దాచిన దుడ్డు దానికి పెడతానంటున్నాడు. అది నిజంగా కావలసిందేనా, మీరే చెప్పండి."

ఇద్దరివీ న్యాయమైన ప్రశ్నలే. ఆనాడు వాళ్ళకు చెప్పిందే ఈనాడు మీకూ చెబుతాను. మన ప్రాంతంలో ఇలాంటి కుర్రవాళ్ళు తక్కువేమీ లేరు. పక్కనే బెంగుళూరు ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేసు ట్రాకు ఉంది. కోయంబత్తూరులో కరివర్ధన్ పేరు మీద ఇంకొకటి ఉంది. మారుతి ఇంజనుతో చవకగా రేసు కార్లు తయారుచేసి, మామూలు కుర్రవాళ్ళకు కూడా ఈ ఆట అందేలా చేసిన మనిషి ఆయన. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు.

ముందు డిఫరెన్షియల్ అంటే ఏమిటో చూద్దాం. బడిలో కవాతు చేయిస్తాం కదా. నలుగురు పిల్లలు వరుసగా మలుపు తిరగాలంటే లోపలి పిల్లవాడు ఉన్నచోటనే అడుగులు వేస్తాడు, బయటి పిల్లవాడు పరుగెత్తాలి. కారు చక్రాల సంగతీ అంతే. రెండు చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు అనుకోండి. కారు ఒక గుండ్రం పూర్తిగా తిరిగివస్తే బయటి చక్రం లోపలి చక్రం కన్నా 8 మీటర్లకు కొంచెం పైగా ఎక్కువ దూరం నడుస్తుంది. గుండ్రం చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు. కావాలంటే మీ పిల్లల చేత లెక్క వేయించి చూడండి.

రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే ఈ తేడా ఎలా తీరుతుంది? ఏదో ఒక చక్రం నేలమీద ఈడ్చుకుపోవాలి. ఈ తగవు తీర్చడానికే డిఫరెన్షియల్ వచ్చింది. మోటారు కారు పుట్టకముందే, 1827లో, ఫ్రాన్సులో పెక్కర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీన్ని తయారుచేశాడు. నాలుగు చిన్న పళ్ళచక్రాల అమరిక అది. రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగవచ్చు. కానీ ఇంజను బలాన్ని అది రెండిటికీ సమానంగానే పంచుతుంది.

ఆ సమానత్వంలోనే చిక్కు ఉంది. కాడికి కట్టిన ఎద్దుల్ని తలచుకోండి. కాడి నడుమ మోకు ఉంటుంది. ఒక ఎద్దు లాగకుండా నిలబడిపోతే రెండో ఎద్దు ఎంత బలమైనదైనా ఏం లాభం? కాడి పక్కకు తిరుగుతుందే తప్ప బండి కదలదు. బలహీనమైన ఎద్దు ఎంత లాగితే బలమైనదీ అంతే లాగగలదు. డిఫరెన్షియల్ పద్ధతి కూడా అదే. ఒక చక్రం బురదలో పడి ఊరికే తిరుగుతుంటే, గట్టినేల మీదున్న రెండో చక్రానికీ దాదాపు ఏమీ అందదు.

పోటీ కారుకు బురద కూడా అక్కరలేదు. మలుపులో వేగంగా తిరిగేటప్పుడు కారు బరువు బయటి చక్రాల మీదికి ఒరుగుతుంది. లోపలి చక్రం తేలికవుతుంది. డ్రైవరు మలుపు దాటుతూ యాక్సిలరేటరు తొక్కగానే ఆ తేలిక చక్రం గిర్రున తిరిగి మట్టి చిమ్ముతుంది. ఇంజను అరుస్తుంది, కారు మాత్రం ముందుకు పోదు. 1930లలో జర్మనీలో ఆటో యూనియన్ కంపెనీకి ఫెర్డినాండ్ పోర్షే చేసిన 16 సిలిండర్ల రేసు కార్లకు ఈ జబ్బే వచ్చింది. దానికి మందుగా జెడ్.ఎఫ్. అనే గేర్ల కంపెనీ చేత తయారుచేయించిందే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. దాన్నే మన కుర్రవాళ్ళు ఎల్.ఎస్.డి. అంటున్నారు. చక్రాల మధ్య తేడాను అది పూర్తిగా ఆపదు. అవసరమైనంత తేడాను ఉండనిచ్చి, హద్దు దాటితే పట్టి ఉంచుతుంది.

ఇక వెల్డింగు సంగతి. ట్రాక్టరు నడిపే రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ట్రాక్టరులో మడమ దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడలు ఉంటుంది. ఒక చక్రం దమ్ములో దిగబడితే దాన్ని తొక్కుతాం. రెండు చక్రాలూ ఒకటై బండిని పైకి లాగుతాయి. బయటపడగానే కాలు తీసేస్తాం. తొక్కిపెట్టి మలుపు తిప్పితే స్టీరింగు మాట వినదు. వెల్డింగు పెట్టించడమంటే ఆ పెడలును శాశ్వతంగా తొక్కిపెట్టడమే. దానికి ఖర్చు తక్కువ. వెనక చక్రాలతో నడిచే బండికి మట్టి మైదానంలో అది కొంతవరకు పనికొస్తుంది కూడా. ఎస్టీమ్‌లా ముందు చక్రాలతో నడిచే కారుకు మాత్రం ఆ ఆలోచనే వద్దు. స్టీరింగు తిప్పే చక్రాలూ లాగే చక్రాలూ అవే గనుక చేతులు విరిగేంత పనవుతుంది.

ఇక్కడ మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మా బావమరిదికి పాత జీపు ఒకటి ఉండేది. స్నేహితుల మాట విని వెనక డిఫరెన్షియల్‌కు వెల్డింగు పెట్టించాడు. మైదానంలో అందరూ చప్పట్లు కొట్టారు. అదే జీపులో ఒక వానరోజు మా అత్తగారిని ఆసుపత్రికి తీసుకొని వెళుతున్నాడు. తడిసిన తారురోడ్డు మీద మలుపు వచ్చింది. స్టీరింగు తిప్పాడు గాని జీపు తిన్నగానే పోయింది. కంగారులో కాలు తీసేసరికి వెనకభాగం గిర్రున తిరిగి, రోడ్డు దాటి రాగి చేలో పడింది. ఎదురుగా లారీ లేకపోవడం మా అదృష్టం. అత్తగారికి భుజం ఎముక విరిగింది. మైదానంలో గెలిపించిన పనే రోడ్డు మీద ముంచింది. పోటీకి మార్చిన బండిలో ఇంటివాళ్ళను ఎక్కించుకొని రోడ్డు మీద తిరగవద్దని అప్పటినుంచి కనబడిన ప్రతి కుర్రవాడికీ చెబుతున్నాను.

వెల్డింగు వద్దనుకుంటే ఎల్.ఎస్.డి.లలో ముఖ్యంగా చూడవలసిన రకాలు రెండు.

మొదటిది ప్లేట్ల రకం. మోటారు సైకిలు క్లచ్‌లో ఉన్నట్లే లోపల పలుచని ప్లేట్లు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ లోపలి ఏటవాలు గాడులు తెరుచుకొని ప్లేట్లను నొక్కుతాయి. చక్రాల మధ్య తేడా తగ్గుతుంది. ముందుగానే స్ప్రింగుతో కొంత బిగింపు పెట్టి ఉంచుతారు. దాన్ని ప్రీలోడ్ అంటారు. గాడుల వాలును బట్టి మళ్ళీ మూడు విధాలు. వన్ వే అంటే యాక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రమే పట్టేది. టూ వే అంటే తొక్కినప్పుడూ, కాలు తీసినప్పుడూ ఒకే తీరుగా పట్టేది. వన్ అండ్ హాఫ్ వే అంటే తొక్కినప్పుడు గట్టిగా, కాలు తీసినప్పుడు కొద్దిగా పట్టేది. ఈ వాలును అన్ని కంపెనీలూ ఒకే విధంగా కొలవవు. అందుకని అంకె చూసి మోసపోకుండా, ఏది ఎక్కువ పడుతుందో అమ్మేవాణ్ణి అడిగి తెలుసుకోవాలి.

రెండోది గేర్ల రకం. 1958లో అమెరికాలో వెర్నన్ గ్లీస్‌మన్ పేటెంటు తీసుకున్న టార్సన్ ఈ కుటుంబంలోదే. దీనిలో ప్లేట్లు ఉండవు. మెలిక పళ్ళ గేర్లు బలం పడినప్పుడు గూటి గోడలకు ఒత్తుకొని, ఆ రాపిడితోనే పట్టు చూపిస్తాయి. చడీచప్పుడు లేకుండా మెత్తగా పనిచేస్తుంది. అరిగిపోయే ప్లేట్లు లేవు గనుక మాటిమాటికీ విప్పే పని లేదు.

దీని లెక్క తేలికే, వినండి. లోపలి చక్రం పట్టు 400 న్యూటన్ మీటర్లు, బయటి చక్రం పట్టు 1000 అనుకుందాం. మామూలు డిఫరెన్షియల్ అయితే 400కు 400, మొత్తం 800. బయటి చక్రంలో మిగిలిన 600 వృథా. ఒక గేర్ల రకానికి పంపకం నిష్పత్తి రెండున్నర అనుకోండి. లోపలి చక్రానికి 400 అయితే బయటిదానికి రెండున్నర రెట్లు, అంటే 1000. మొత్తం 1400. అదే ఇంజను, అవే టైర్లు. మలుపు దాటేటప్పుడు లాగే బలం ముప్పాతిక వంతు పెరిగింది.

కానీ లోపలి చక్రం నేలనుంచి పూర్తిగా లేచిపోతే? సున్నాను రెండున్నరతో గుణిస్తే వచ్చేది సున్నాయే. గేర్ల రకానికి ఉన్న పెద్ద లోపం ఇది. ప్లేట్ల రకంలో ప్రీలోడ్ ఉంది గనుక, చక్రం గాలిలో ఉన్నా కనీసం ఆ బిగింపు మేరకు బలం రెండోదానికి అందుతుంది. గేర్ల రకం కారులో నేర్పుగల డ్రైవర్లు ఇందుకొక ఉపాయం చేస్తారు. యాక్సిలరేటరు మీద కాలు ఉంచి, ఎడమకాలితో బ్రేకును కాస్త తాకుతారు. రెండు చక్రాల మీదా 100 చొప్పున బ్రేకు పడిందనుకోండి. గాలిలోని చక్రానికి 100 అడ్డు దొరికింది గనుక రెండోదానికి 250 అందుతుంది. అందులో 100 బ్రేకు తినేసినా 150 నేలకు చేరుతుంది. సున్నా కన్నా 150 మేలే కదా.

ఇంకా కొన్ని పేర్లు మీ చెవిన పడవచ్చు. విస్కస్ రకంలో చిక్కని సిలికాన్ ద్రవం ఉంటుంది. చక్రం కొంత జారిన తరువాతగాని అది మేలుకోదు. పాతబడితే బలం తగ్గుతుంది. పోటీకి దాన్ని వెదికి కొనవలసిన పని లేదు. 2015లో మార్పులతో వచ్చిన మహీంద్రా థార్‌లో వెనక ఇరుసుకు దానంతట అదే బిగుసుకునే లాకింగ్ డిఫరెన్షియల్ ఇచ్చారు. నిదానంగా పోతూ బురదలోనుంచి, రాళ్ళలోనుంచి బయటపడడానికి చేసినది అది. వేగం పెరిగితే విడిపోతుంది. మలుపుల పోటీకి అది ఎల్.ఎస్.డి. చేసే పని చేయదు. ఇప్పటి కొత్త కార్లలో జారే చక్రానికి బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. రోడ్డు మీద అది మంచిదే. పోటీలో పదేపదే బ్రేకులు పడి వేడెక్కుతాయి, బలమూ కొంత అక్కడే ఖర్చవుతుంది.

అయితే ఎవరికి ఏది? ఎస్టీమ్‌లా ముందు చక్రాలతో నడిచే కారుకు, ముఖ్యంగా కొత్తగా నేర్చుకునేవాడికి, గేర్ల రకం మేలు. ప్లేట్ల రకం గట్టిగా పట్టినప్పుడు స్టీరింగును చేతుల్లోనుంచి లాక్కుంటుంది. జిప్సీలా వెనక ఇరుసు నడిచే బండితో వదులు మట్టి మీద పోటీ చేసేవాళ్ళు ప్లేట్ల రకాన్ని, అందులోనూ వన్ అండ్ హాఫ్ వేను లేదా టూ వేను ఇష్టపడతారు. కాలు తీసినప్పుడు కొంత పట్టు ఉంటే బండి వెనకభాగం నిలకడగా ఉంటుంది. కానీ ఆ పట్టు మరీ ఎక్కువైతే మలుపులోకి తిరగడానికి మొరాయిస్తుంది. అందుకే మొదట తక్కువ బిగింపుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకోవాలి.

కొనేముందు నాలుగు పనులు చేయాలి.

ఒకటి, పోటీ నిబంధనలు చదవాలి. మన దేశంలో ఈ పోటీలు ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనే సమాఖ్య నియమాల కింద నడుస్తాయి. ఫ్యాక్టరీనుంచి వచ్చిన బండిని ఎక్కువ మార్చకూడదనే తరగతులు ఉంటాయి. అక్కడ ఎల్.ఎస్.డి. అనుమతి లేకపోతే, దాన్ని బిగించగానే మీ కారు మార్పులు చేసిన కార్ల తరగతిలోకి పోతుంది. మీకన్నా పెద్ద ఇంజన్లతో పోటీ పడాలి. డబ్బు పెట్టి వెనకబడినట్లవుతుంది.

రెండు, నిజంగా మీ కారు జబ్బు ఇదేనా అని చూడాలి. స్నేహితుణ్ణి మలుపు దగ్గర నిలబెట్టి ఫోనులో వీడియో తీయించండి. మలుపు దాటేటప్పుడు లోపలి చక్రమొక్కటే మట్టి చిమ్ముతుంటే ఎల్.ఎస్.డి. మందు పనిచేస్తుంది. లాగే రెండు చక్రాలూ కలిసి జారుతుంటే లోపం టైర్లది, లేదా డ్రైవరు కాలిది. దానికి ఈ మందు పనికిరాదు.

మూడు, మొత్తం ఖర్చు కాగితం మీద రాయాలి. సామాను ధర ఒక్కటే కాదు. దిగుమతి సుంకం, బేరింగులు, సీళ్ళు, ఆయిలు, కూలి అన్నీ రాయాలి. ఇరుసు చివర పళ్ళెన్నో లెక్కపెట్టి, వచ్చే సామానుతో సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. ప్లేట్ల రకానికి కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి, దాన్ని తరచుగా మార్చాలి, ప్లేట్లు అరిగితే కొత్తవి వేయాలి. ఎస్టీమ్‌లో డిఫరెన్షియల్ గేరుబాక్సులోనే ఉంటుంది. ఆయిలు రెండిటికీ ఒకటే గనుక, అది గేర్లకు కూడా సరిపడేదై ఉండాలి.

నాలుగు, మంచి పనివాణ్ణి వెదకాలి. ఎస్టీమ్‌కైతే గేరుబాక్సు దించి విప్పి, బేరింగుల బిగింపును షిమ్ములతో సరిచూడాలి. జిప్సీకైతే వెనక క్రౌన్, పినియన్ల మధ్య సందును డయల్ గేజితో కొలవాలి, పళ్ళకు రంగు పూసి ముద్ర ఎక్కడ పడుతుందో చూడాలి. చేత్తో కదిపి సరిపోయిందనే మెకానిక్కు ఈ పని ఇవ్వకండి. కొద్దిరోజులకే ఊళ పెట్టి పళ్ళు విరుగుతాయి.

ఒక హెచ్చరిక మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఎల్.ఎస్.డి. గాని, వెల్డింగు గాని ఉన్న బండికి లాగే చక్రాలలో ఒకదాన్నే జాకీతో లేపి, ఇంజను ఆడించి గేరు వేయకూడదు. నేలమీదున్న రెండో చక్రానికి బలం అంది, బండి జాకీ మీదినుంచి దూకుతుంది. కింద మనిషి ఉంటే ప్రాణాపాయం. లాగే చక్రాలు రెండిటినీ లేపి స్టాండ్ల మీద నిలబెట్టిన తరువాతే ఆ పని చేయాలి.

ఇంతకూ మా కుర్రవాడు ఏం చేశాడంటారా? వీడియో తీసి తెచ్చి చూపించాడు. ఐదు మలుపుల్లో మూడింట లోపలి ముందు చక్రం నిజంగానే గిర్రున తిరుగుతోంది. జబ్బు ఉన్న మాట వాస్తవమే. కానీ నిబంధనల పుస్తకం విప్పితే అతను పోటీ చేసే తరగతిలో డిఫరెన్షియల్ మార్చకూడదని ఉంది. పై తరగతికి పోవడానికి అతని ఇంజను చాలదు. కాసేపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తరువాత తనే అన్నాడు. "సార్, అయితే ఈ ఏడు మంచి టైర్లు వేసి, కాలు అదుపులో పెట్టుకొని నడిపేది నేర్చుకుంటాను. పై తరగతికి పోయే రోజు వస్తే గేర్ల రకం కొంటాను." పక్కనే ఉన్న వాళ్ళ అమ్మ ఏమీ అనలేదు. సంచిలోనుంచి నాలుగు సీతాఫలాలు తీసి మా బల్ల మీద పెట్టింది.

మొన్న వానకు ముందే వాళ్ళ ఇంటికి పైకప్పు పడింది. కారు ఆ ఇంటి ముందే ఉంది, కొత్త టైర్లతో.

పోటీ వద్దని పిల్లలకు చెప్పడం నా ఉద్దేశం కాదు. చేతిపనీ లెక్కా కలిసిన మంచి విద్య అది. ఒక డిఫరెన్షియల్ విప్పి చూసిన పిల్లవాడికి నేను చెప్పే యంత్రాల పాఠం మళ్ళీ చెప్పనక్కరలేదు. నేను కోరేది ఒక్కటే. చెప్పుడు మాట మీద డబ్బు పెట్టకండి. చూసి, కొలిచి, లెక్కవేసి, తరువాత కొనండి.